వెబ్‌సైట్ బ్యాకప్ ఎవరి పని? హోస్టింగ్ తీసుకున్నవాళ్లు ఈరోజే మొదలుపెట్టాల్సిన పనులు

కడియపులంకలో ఒక నర్సరీ వాళ్లకు 2019లో వెబ్‌సైట్ చేసిచ్చాను. మొక్కల ఫొటోలు, పేర్లు, కవరు సైజును బట్టి ధరలు, బయటి రాష్ట్రాల వాళ్లు లారీ లోడు కావాలంటే నింపే ఫారం, అన్నీ అందులోనే. మూడేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఒక సోమవారం పొద్దున్నే నర్సరీ ఆయన ఫోన్ చేసి, "బాబూ, సైటు తెరుచుకోవట్లేదు, బెంగళూరు పార్టీ వాళ్లు అడుగుతున్నారు" అన్నారు. చూస్తే సర్వర్‌లో, అంటే సైట్ నడిచే కంప్యూటర్‌లో, డిస్క్ పోయింది. ఆ సర్వర్‌లో మాకు అద్దెకు చోటిచ్చిన హోస్టింగ్ కంపెనీకి రాస్తే సాయంత్రానికి జవాబు వచ్చింది: మా దగ్గరున్న బ్యాకప్ (విడిగా దాచిన కాపీ) నాలుగు నెలల కిందటిది, మీ ఖాతాలో ఫైళ్ల సంఖ్య పరిమితి దాటింది కాబట్టి ఆ తర్వాత తీయలేదు, ఇది నిబంధనల్లో ఉంది, చూసుకోండి.

నాలుగు నెలల పని. దాదాపు ఆరు వందల మొక్కల ఫొటోలు, మార్చిన ధరలు, ఫారంలో వచ్చిన ఆర్డర్లు. "నువ్వు తీసే ఉంటావనుకున్నాను బాబూ" అన్నారాయన. నేనేమో హోస్టింగ్ వాళ్లు తీస్తారనుకున్నాను. వాళ్ల నిబంధనల్లో చూస్తే ఆ బాధ్యత వాడుకునేవాళ్లదే అని రాసి ఉంది. ముగ్గురం ఉండి కూడా ఆ పని ఎవరి చేతిలోనూ లేదు. అప్పటి నుంచి సైట్ చేయించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకూ రంగులు, లోగో గురించి మాట్లాడే ముందు ఈ విషయమే చెప్తున్నాను.

సూటిగా చెప్తాను. సైట్‌లో ఉన్నది పోతే ఎవరి వ్యాపారం ఆగుతుందో, బ్యాకప్ బాధ్యత వాళ్లదే. అంటే మీదే. ఆ పని ఎవరికైనా డబ్బిచ్చి అప్పగించవచ్చు, కానీ జరుగుతోందో లేదో చూసుకోవడం మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

మన వైపు కౌలు ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. చేను ఆసామిది, పంట కౌలు రైతుది. గట్టు, బోదె, తూము ఆసామి చూస్తాడేమో గానీ వరి పడిపోతే నష్టం ఎవరిదో మళ్లీ చెప్పక్కర్లేదు. హోస్టింగ్ కూడా అంతే. సర్వర్, కరెంటు, నెట్ కనెక్షన్ వాళ్లవి, అందులో మీరు పెట్టింది మీది. వాళ్లు బ్యాకప్ తీయరని కాదు, చాలామంది తీస్తారు. కానీ అది ముఖ్యంగా సర్వర్ మొత్తం పడిపోతే మళ్లీ నిలబెట్టుకోవడానికి. మీ అబ్బాయి పొరపాటున ఒక పేజీ చెరిపేస్తేనో, హ్యాకర్ చొరబడి రెండు నెలలయ్యాక మీకు తెలిస్తేనో ఆ బ్యాకప్ మీకు పనికొస్తుందని వాళ్లు మాటివ్వలేదు. ఒకే సర్వర్‌ను చాలామందికి పంచే చవక షేర్డ్ హోస్టింగ్ నిబంధనలు తెరిచి బ్యాకప్ అన్న మాట వెతకండి. సౌకర్యం కోసం ఇస్తున్నాం, హామీ లేదు, కాపీ ఉంచుకోవాల్సింది మీరే అని దాదాపు ప్రతిచోటా కనిపిస్తుంది. అమెజాన్ లాంటి పెద్ద క్లౌడ్ కంపెనీలు కూడా దీన్ని ఉమ్మడి బాధ్యత అంటాయి: కింది యంత్రాలు, భవనాలు మావి, వాటి మీద మీరు పెట్టిన డేటా మీది అని.

చట్టం కూడా ఇటే చూస్తుంది. మీ సైట్‌లో కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉంటే, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం జవాబుదారీ ఆ డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవాళ్లది, అంటే మీది. మీ తరఫున దాన్ని దాచే కంపెనీని చూపించి తప్పుకోవడానికి లేదు.

ఇక పనులు. వరసగా చేయండి, మొదటి రెండిటికీ కంప్యూటర్ పరిజ్ఞానం కూడా అక్కర్లేదు.

1. తాళాలు ఎవరి దగ్గరున్నాయో చూడండి

మన ఊళ్లలో ఎక్కువగా జరిగేది ఏమిటంటే, భీమవరంలోనో రాజమండ్రిలోనో ఒక కుర్రాడు సైట్ చేస్తాడు, డొమైన్ (సైట్ అడ్రస్ పేరు), హోస్టింగ్ రెండూ తన ఈమెయిల్‌తోనే తీసుకుంటాడు, ఏడాదికోసారి మీ దగ్గర డబ్బు తీసుకుని కడతాడు. ఆ అబ్బాయి మంచివాడే అయినా రేపు ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోతే, నంబర్ మారితే, మీ సైట్‌కి మీరే పరాయివాళ్లు. అందుకే మూడు విషయాలు అడిగి రాసుకోండి: డొమైన్ ఎవరి పేరున, ఏ ఈమెయిల్‌తో ఉంది, హోస్టింగ్ ఖాతా ఎవరి పేరున ఉంది, రెండూ ఏ తేదీకి అయిపోతాయి. మీ పేరున లేకపోతే మార్పించుకోండి. ఇది అనుమానించడం కాదు, పొలం కాగితాలు మన పేరున ఉండాలనుకోవడం లాంటిదే.

2. హోస్టింగ్ వాళ్లను రాతపూర్వకంగా అడగండి

ఫోన్‌లో అడిగితే "ఉంటుంది సార్" అంటారు. ఆ మాట దేనికీ పనికిరాదు. వాళ్ల సపోర్ట్‌కి టికెట్ పెట్టి, అంటే వాళ్ల సైట్‌లో రాసి పంపి, ఇవి అడగండి. నా ప్లాన్‌లో బ్యాకప్ ఉందా, ఎన్ని రోజులకోసారి, ఎన్ని రోజుల పాటు ఉంచుతారు? ఫైళ్ల సంఖ్యకీ సైజుకీ పరిమితి ఉందా, నేను ఇప్పుడు దాని లోపలే ఉన్నానా? బ్యాకప్ అదే సర్వర్‌లో ఉంటుందా, వేరే ఊళ్లో ఉంటుందా? తిరిగి ఎక్కించమంటే డబ్బు తీసుకుంటారా? గడువులోపు కట్టకపోతే ఖాతాలోవి ఎన్ని రోజులకు చెరిపేస్తారు?

పరిమితి ప్రశ్న మాత్రం వదలొద్దు. నర్సరీ సైట్ పోయింది అక్కడే. సైట్లు కట్టడానికి చాలామంది వాడే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో మీరు ఒక ఫొటో ఎక్కిస్తే అది రకరకాల సైజుల్లో ఐదారు కాపీలు చేసుకుంటుంది, మీకు తెలియకుండానే ఫైళ్లు వేలల్లోకి వెళ్లిపోతాయి. పరిమితి దాటిన రోజున బ్యాకప్ ఆగుతుంది, ఆగిందని మనకు ఎవరూ చెప్పరు.

నెలనెలా ఎక్కువ తీసుకునే మేనేజ్డ్ హోస్టింగ్ అయితే రోజూ బ్యాకప్ తీయడం వాళ్ల ఒప్పందంలోనే ఉండొచ్చు, అప్పుడు మీ పని కొంత తగ్గుతుంది. వీపీఎస్ (సర్వర్‌లో మీకే విడిగా కేటాయించిన భాగం) అయితే సాధారణంగా పూర్తిగా మీ మీదే. విక్స్ లాంటి చోట కట్టుకున్న సైట్‌ని మొత్తంగా దించుకుని వేరేచోట నడపడం కుదరదు, కాబట్టి రాతలు, ఫొటోలు, వస్తువుల పట్టిక విడిగా మీ దగ్గర ఉండాలి. బ్లాగర్ వాడేవాళ్లకు సెట్టింగ్స్‌లోనే బ్యాకప్ ఉంది, కానీ ఆ ఫైల్‌లో రాతలు, కామెంట్లే వస్తాయి, ఫొటోలు విడిగా దాచుకోవాలి.

3. ఏమేం దాచాలో పట్టిక రాసుకోండి

సైట్ అంటే ఒక ఫోల్డర్ అనుకుంటారు చాలామంది. వర్డ్‌ప్రెస్ లాంటి సైట్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి ఫైళ్లు: ఫొటోలు, థీమ్ (సైట్ రూపం), ప్లగిన్లు (అదనపు సౌకర్యాల కోసం తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్లు). రెండోది డేటాబేస్: మీరు రాసిన ప్రతి మాట, ధర, ఆర్డర్, కస్టమర్ వివరం అందులోనే ఉంటాయి. ఫైళ్లు మాత్రమే దించుకుని బ్యాకప్ ఉంది అనుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను, వాళ్ల చేతిలో ఉన్నది కొట్టు గోడలు మాత్రమే, సరుకు లేదు.

వీటితో పాటు సైట్ పేరుతో ఉన్న ఈమెయిళ్లు అదే హోస్టింగ్‌లో ఉంటే అవీ చేర్చండి. డొమైన్ డీఎన్ఎస్ సెట్టింగులు (సైట్ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేవి) ఒక స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. హోస్టింగ్ మారాల్సి వస్తే ఆ ఒక్క బొమ్మ రెండు రోజుల టెన్షన్ తప్పిస్తుంది.

4. ఈరోజే ఒకసారి చేత్తో తీయండి

సీప్యానెల్ (హోస్టింగ్ ఖాతాను నడుపుకునే పేజీ) ఉంటే లాగిన్ అయి బ్యాకప్ అన్నచోటికి వెళ్లండి. అక్కడ ఫుల్ బ్యాకప్, పార్షియల్ బ్యాకప్ అని రెండు రకాలుంటాయి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఫుల్ బ్యాకప్‌ని మీ అంతట మీరు సీప్యానెల్ నుంచి తిరిగి ఎక్కించలేరు, సర్వర్ మీద అధికారం ఉన్న హోస్టింగ్ వాళ్లే ఎక్కించాలి. పార్షియల్‌లో ఉన్న హోమ్ డైరెక్టరీ, డేటాబేస్ విడివిడిగా దించుకుంటే వాటిని మీరే ఎక్కించుకోవచ్చు. అందుకని రెండు రకాలూ తీయండి. సీప్యానెల్ లేకపోతే ఫైళ్లు ఎఫ్‌టీపీతో (సర్వర్ నుంచి ఫైళ్లు దించుకునే పద్ధతి) దించుకుని, డేటాబేస్‌ను పీహెచ్‌పీ మై అడ్మిన్ అనే డేటాబేస్ పేజీలో ఎక్స్‌పోర్ట్ నొక్కి ఎస్‌క్యూఎల్ ఫైల్‌గా తీసుకోండి.

దించుకున్నాక ఆ ఫైల్‌ను సర్వర్‌లో సైట్ ఫోల్డర్ లోపల వదిలేయకండి. అడ్రస్ ఊహించగలిగిన ఎవరైనా దాన్ని దించుకోవచ్చు, అందులో మీ డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా అన్నీ ఉంటాయి.

5. గట్టు దాటించండి

అసలు విషయం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

లంక గ్రామాల్లో వరద వస్తోందంటే ఏం చేస్తారు? ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇవ్వగానే సామాన్లు అటకెక్కిస్తారు. 17.75 అడుగులకు చేరి మూడోది ఇచ్చారంటే అటక కూడా చాలదని వాళ్లకు తెలుసు. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దవాళ్లనడగండి, పొలం దస్తావేజులు, బంగారం ముందుగానే గట్టు దాటించి చుట్టాల ఇంట్లో పెట్టినవాళ్లకే అవి మిగిలాయంటారు. అటక మీద పెట్టడం ఒకటి, గట్టు దాటించడం ఇంకొకటి. ఇల్లే మునిగితే అటక కూడా ఇంటితోనే మునుగుతుంది.

అదే హోస్టింగ్ ఖాతాలో ఉంచుకున్న బ్యాకప్ అటక మీది సామాను. మీ బ్యాకప్ ప్లగిన్ మామూలుగా పెట్టే చోటు కూడా అదే. సర్వర్ పోయినా, ఖాతా ఆపేసినా, హ్యాకర్ దూరినా రెండూ కలిసి పోతాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి పూర్తిగా కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే ఉన్న చాలామంది కస్టమర్లకు ఏమీ మిగల్లేదు. 2025 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ అంటుకుని, బయట కాపీ లేని 858 టెరాబైట్ల ఉద్యోగుల ఫైళ్లు పోయాయి. ఒక దేశ ప్రభుత్వానికే అలా జరిగింది. రెండో వైపు కూడా చూడండి. 2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పింఛను నిధి గూగుల్ క్లౌడ్‌లో నడుపుకునే ప్రైవేట్ క్లౌడ్ ఒకటి పొరపాటున చెరిగిపోయింది. వారం పైగా ఇబ్బంది పడ్డారు గానీ మళ్లీ నిలబడ్డారు, దానికి వేరే కంపెనీ దగ్గర విడిగా ఉంచుకున్న బ్యాకప్‌లు కూడా సాయపడ్డాయి.

పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది, మూడు-రెండు-ఒకటి అంటారు. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్లో. చిన్న వ్యాపారానికి ఇలా సరిపోతుంది: నడుస్తున్న సైట్ ఒకటి, మీ గూగుల్ డ్రైవ్‌లో ఒకటి (15 జీబీ ఉచితం, చిన్న సైట్‌కి చాలు), ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఒకటి. డ్రైవ్ ఖాతా మీదే అయి ఉండాలి, సైట్ చేసిన అబ్బాయిది కాదు. పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోకండి. హార్డ్ డిస్క్‌ను కొట్టులో కంప్యూటర్ పక్కనే కాకుండా వేరే ఊళ్లో ఉన్న అమ్మాయి ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో ఉంచి, పండక్కి కలిసినప్పుడు కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకుంటే బాగుంటుంది. మన తీరంలో ఉప్పుగాలి, చెమ్మ ఎక్కువ కాబట్టి గాలి చొరబడని డబ్బాలో పెట్టండి.

హార్డ్ డిస్క్ ఎందుకు, డ్రైవ్ ఉందిగా అంటారేమో. 2022 మే నెలలో కోనసీమలో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు ఇంటి నుంచి పనిచేసేవాళ్లు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు వెళ్లి కూర్చున్నారు. అలాంటి రోజున కస్టమర్ల నంబర్లు కావాలంటే చేతిలో ఉన్న డిస్కే దిక్కు.

6. దానంతట అదే జరిగేలా పెట్టండి

చేత్తో తీసేది రెండు నెలలు సాగుతుంది, సంక్రాంతి హడావిడిలో ఆగిపోతుంది. వర్డ్‌ప్రెస్ అయితే అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ లాంటి ప్లగిన్ వేసి గూగుల్ డ్రైవ్‌కు కలపండి, ఉచితంగా వచ్చేదే చాలు. ఒక జాగ్రత్త: వర్డ్‌ప్రెస్‌లో టైమ్ పెట్టిన పనులు ఎవరైనా సైట్ తెరిచినప్పుడే కదులుతాయి. రోజుకి ఇద్దరు ముగ్గురు కూడా చూడని సైట్ అయితే అనుకున్న టైమ్‌కి జరగకపోవచ్చు, హోస్టింగ్‌లో క్రాన్ జాబ్ (టైమ్‌కి దానంతట అదే నడిచే పని) పెట్టించుకోండి.

ఎన్ని రోజులకోసారి? ఎన్ని రోజుల పని మళ్లీ చేయడానికి మీకు ఓపిక ఉందో అన్ని రోజులకోసారి. నరసాపురంలో లేసు అల్లికల నమూనాలు చూపించే సైట్, నెలకోసారి మారేదైతే, వారానికోసారి చాలు. ఆత్రేయపురం నుంచి పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకైతే డేటాబేస్ రోజూ తీయాలి, పండగ సీజన్‌లో ఆరు గంటలకోసారి అయినా తప్పులేదు, ఎందుకంటే డబ్బు కట్టిన కస్టమర్ అడ్రస్ పోతే పెట్టె ఎక్కడికి పంపుతారు?

పాతవి వెంటనే చెరిపేయొద్దు. హ్యాక్ అయిన సైట్‌లో చెత్త కోడ్ వారాల తరబడి కనపడకుండా కూర్చుంటుంది, ఈలోపు తీసిన ప్రతి బ్యాకప్‌లోనూ అదీ ఉంటుంది. వారానివి నాలుగు, నెలవి ఆరు అయినా ఉంచండి. బిల్లులు సైట్‌లోనే తయారవుతుంటే వాటి లెక్క వేరు. జీఎస్టీ చట్టం ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు రికార్డులు ఉంచాలి, కాబట్టి ఏడాది చివర వాటిని పీడీఎఫ్‌లుగా విడిగా దించుకోండి.

7. తెరిచి చూడండి

ఎక్కించి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. గిట్‌ల్యాబ్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో 2017 జనవరి 31న ఒక ఇంజినీర్ ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ చెరిపేశాడు. వాళ్లకు ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయి. తీరా చూస్తే రోజూ తీస్తున్నామనుకున్నది అసలు జరగడమే లేదు, జరగట్లేదని హెచ్చరించాల్సిన ఈమెయిళ్లు కూడా చేరట్లేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక కాపీ ఉండబట్టి బయటపడ్డారు.

మూడు నెలలకోసారి ఒక మధ్యాహ్నం కేటాయించండి. మీ డొమైన్‌కి ఒక సబ్‌డొమైన్ (దాని కిందే ఇంకో అడ్రస్) చేసి గానీ, లాప్‌టాప్‌లో వర్డ్‌ప్రెస్ నడిపే లోకల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గానీ, బ్యాకప్‌ను అక్కడ ఎక్కించండి. సైట్ తెరుచుకుంటే సరిపోదు. చివరి ఆర్డర్ ఉందా, నిన్న మార్చిన ధర కనిపిస్తోందా, ఫొటోలన్నీ వస్తున్నాయా, తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోలేదు కదా, చూడండి. ఆ చివరిది మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే బాధ, డేటాబేస్ ఎక్స్‌పోర్ట్‌లో యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలను కూడా సరిగ్గా దాచే పద్ధతి) కాకుండా ఇంకోటి ఉంటే పేర్లన్నీ పాడవుతాయి. ఎంత సేపు పట్టిందో కూడా రాసుకోండి, నిజంగా సైట్ పడిపోయిన రోజున కస్టమర్లకు ఎప్పటికి బాగవుతుందో చెప్పగలుగుతారు. ఈ పరీక్ష సైట్ నుంచి పాత కస్టమర్లకు ఈమెయిళ్లు పోకుండా ముందే ఆపండి, పని అయ్యాక దాన్ని తీసేయండి.

8. సైట్ చేసినవాళ్లతో కాగితం రాసుకోండి

లాయర్ అక్కర్లేదు, వాట్సాప్‌లో రాసుకుని ఇద్దరూ సరే అన్నా నయమే. నేను ఇప్పుడు వాడేది ఇది:

"ఈ సైట్ బ్యాకప్ ప్రతి ఆదివారం రాత్రి తీసే బాధ్యత ఫలానావారిది. అది చేరాల్సింది యజమాని గూగుల్ డ్రైవ్‌కి. మూడు నెలలకోసారి వేరేచోట ఎక్కించి యజమానికి చూపించాలి. ఇందుకు ఏడాదికి ఇంత. సైట్ పోతే చివరి బ్యాకప్ వరకు ఇన్ని రోజుల్లో నిలబెట్టాలి. ఆ తర్వాతి సమాచారానికి హామీ లేదు."

డబ్బు మాట తప్పకుండా ఉండాలి. ఊరికే చేస్తానన్న పని ఆరు నెలలకు ఎవరికీ గుర్తుండదు. సైట్ చేసే తమ్ముళ్లకు కూడా చెప్తున్నాను, ఈ పని తీసుకోకపోతే తీసుకోవట్లేదని మొదటి రోజే రాసివ్వండి. నేను రాసివ్వలేదు, అందుకే ఆ పెద్దాయన నన్ను నమ్ముకుని ఉండిపోయారు.

ఇప్పటికే పోయిందా?

ముందు ఏదీ కొత్తగా ఇన్‌స్టాల్ చేయకండి, పాతదాని మీద రాసేస్తే మిగిలింది కూడా పోతుంది. హోస్టింగ్ వాళ్లకు గంటలోపే టికెట్ పెట్టి, ఎంత పాతదైనా సరే ఉన్న బ్యాకప్ చెరపవద్దని అడగండి. వాళ్లు మీకు చూపించని కాపీ లోపల ఉండే అవకాశం ఉంది. గడువు దాటి సైట్ ఆగినట్టయితే ముందు డబ్బు కట్టండి, వాదన తర్వాత. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో మీ సైట్ అడ్రస్ కొట్టి చూడండి, పేజీల్లోని రాతలు, కొన్ని ఫొటోలు దొరకొచ్చు, ఆర్డర్ల వివరాలు మాత్రం అందులో ఉండవు. ఆర్డర్ వచ్చినప్పుడల్లా మీ ఈమెయిల్‌కి ఒక కాపీ వస్తుంటే ఆ ఇన్‌బాక్స్ నుంచే కస్టమర్ల పట్టిక మళ్లీ తయారవుతుంది. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకునే సంస్థ) డాష్‌బోర్డులో కట్టినవాళ్ల లెక్క ఉంటుంది.

నర్సరీ సైట్‌కి మేం చేసింది ఇదే. రాతలు ఆర్కైవ్‌లో కొన్ని దొరికాయి. ఫొటోలు మాత్రం ఆయన, వాళ్లబ్బాయి, మొక్కలకు నీళ్లు పెట్టే ఇద్దరు పనివాళ్లు, నలుగురి ఫోన్లూ వెతికితే నాలుగు వందల దాకా వచ్చాయి. మిగతా రెండు వందలూ మడుల మధ్య తిరిగి మళ్లీ తీశాం, పేరు, కవరు సైజు, ధర ఆయన పక్కన నడుస్తూ చెప్తుంటే నేను ఫోన్‌లో రాసుకున్నాను. పదకొండు రోజులు పట్టింది. ఇప్పుడు ప్రతి ఆదివారం రాత్రి బ్యాకప్ ఆయన డ్రైవ్‌లోకి చేరుతుంది, సోమవారం పొద్దున్నే ఆయనే తెరిచి తేదీ చూసి, "వచ్చిందండి, ఆయ్" అని నాకు ఒక మెసేజ్ పెడతారు.